సైడ్ ఇచ్చిన చెయ్యి

కారు కుడి చక్రాలు రెండూ అప్పటికే మట్టిలోకి దిగిపోయాయి.

నవత స్టీరింగ్‌ను బిగించి పట్టుకుంది. ఎడమ పక్క పత్తి లారీ గోడ జరిగినట్టు మీదికి జరుగుతోంది. దాని చక్రం జీవన్ కిటికీకి జానెడు దూరంలో తిరుగుతోంది. బాడీ దాటి ఉబ్బిన పత్తి లోడు కారు మీద నీడ పరిచింది.

"నవతా, జర మెల్లగ" అన్నాడు జీవన్. అరవలేదు. భార్య డ్రైవింగ్ మీద అతనికి అంత నమ్మకం.

ఆమె బ్రేక్ తొక్కింది. చక్రాలు మట్టిలో పట్టు దొరక్క జారాయి. ఎదురుగా మోరీ గోడ కనిపించింది. ఎడమకు తిప్పితే లారీ కింద పడతారు. కుడికి తిప్పితే గుంత. ఆ క్షణంలో కూడా ఆమె మనసు ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

పొమ్మన్నది లారీవాడే కదా.

కారు గోడను గుద్దుకుని గిర్రున తిరిగింది. జీవన్ వైపు తలుపు రోడ్డు పక్క తుమ్మ చెట్టుకు కొట్టుకుంది.

లారీ ఆగలేదు. నర్సంపేట రోడ్డు మీద లేచిన దుమ్ము కాసేపటికి మళ్లీ రోడ్డు మీదే కూర్చుంది.

*

వరంగల్ దవాఖానలో రెండో రోజు పొద్దున జీవన్ చనిపోయాడు.

వరండాలో బెంచీ మీద అతని తల్లి మల్లవ్వ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి కూర్చుంది. కొత్తవాడలో వాళ్లకు పవర్‌లూమ్ ఉంది. జీవన్ నర్సంపేట షాపులకు తువ్వాళ్లు వేసి వస్తుండేవాడు. వారం కిందటే కొత్త కారు కొన్నారు. అతనికి డ్రైవింగ్ రాదు. నేర్చుకోలేదు కూడా.

"పెండ్లాం నడుపుతాంటే పక్కన కూసునుడే వానికి ఖుషి" అంది మల్లవ్వ, ఎదురుగా నిలబడ్డ వియ్యంకుడి ముఖం చూడకుండా. "లారీ డ్రైవర్ బిడ్డ, మంచిగ నడుపుతదే అవ్వా అనేటోడు. నడిపింది. మంచిగనే నడిపింది."

ఆ వియ్యంకుడు నవత తండ్రి రాజలింగు. ముప్పై ఏళ్లు లారీ నడిపి, మోకాళ్లు మొరాయిస్తే దిగిపోయిన మనిషి. నవతకు లారీ మీదే డ్రైవింగ్ నేర్పాడు. ఆడపిల్లకు స్టీరింగ్ ఎందుకని బంధువులంటే, నా బిడ్డ ఎవరి వెనకా కూసోదు అని మీసం తిప్పిన మనిషి. ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కండువా మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు.

ఎస్సై పద్మలత అతన్ని పక్కకు పిలిచింది.

"పెద్దాయనా, మీ అమ్మాయి లారీ నొక్కిందంటాంది. కారు మొత్తం చూసినం. గోడ దెబ్బ ఉంది, చెట్టు దెబ్బ ఉంది. లారీ తగిలిన గుర్తు ఒక్కటి లేదు. చేనుల పత్తి ఏరేటామె సప్పుడు విని తలెత్తి చూస్తే కారొక్కటే కనబడ్డదట. మరి లారీ ఏది?"

"ఉన్నదంటాంది గద మేడం."

"మూల మలుపు మీద ఓవర్‌టేక్ చేయబోయి అదుపు తప్పిందని మా వాళ్లంటాన్రు. గట్లనే ఉంటే, మొగుని చావుకు కేసు ఆమె మీదనే అయితది. మల్లవ్వ గూడ గదే రాసిచ్చింది." పద్మలత కాస్త ఆగింది. "ఆ లారీ దొరికితే వేరే సంగతి."

రాజలింగు వార్డులోకి వెళ్లాడు. నవత కుడి చేతికి కట్టు, నుదుటి మీద కుట్లు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడవడం కూడా అయిపోయినట్టు పైకప్పు చూస్తోంది.

"బిడ్డా, అసలేమైందో నాకు చెప్పు. పోలీసోళ్లకు చెప్పినట్టు గాదు. నాకు."

"నర్సంపేట దాటినంక పత్తి లారీ ముందట వడ్డది నాయినా, లోడు ఉబ్బి నంబర్ గూడ గానరాలే. నేను దాని ఎనకాలనే నిమ్మలంగ వస్తాన. ఆయనకు కొత్త హారన్ గదా, ముచ్చట. పక్క సీట్లకెళ్లి చెయ్యి జాపి కొట్టిండు. వద్దన్న. నవ్విండు. మళ్ల కొట్టిండు."

"ఇగ?"

"లారీ కిటికీల నుంచి చెయ్యి బయటికొచ్చింది. పొమ్మని ఊపిండు. వేరేటోళ్లయితే పోకపోదురు. ముందట మూల ఉన్నది, ఏం గానస్తలేదు. కానీ లారీ ఆయినె ఎత్తుల కూసుంటడు, ఆయినెకు గానస్తది, చెయ్యి ఊపిండంటే రోడ్డు ఖాళీ అన్నట్టే అని నువ్వే గదా నేర్పినవ్. లారీ డ్రైవర్ చెయ్యి అబద్ధమాడదంటివి."

రాజలింగు మంచం దగ్గరికి జరిగాడు.

"ఊపినంక డోరు మీద అరచేత్తోని కొట్టిండు నాయినా. ఠప ఠప. అచ్చం నువ్వు కొట్టినట్టే." ఆమె తల తిప్పి తండ్రిని చూసింది. "గది చూసే పోయిన. మనోడే అనిపించింది."

రాజలింగు మంచం ఇనుప కమ్మీ పట్టుకున్నాడు.

"సగం దాటినంక మీదికొచ్చిండు. ముట్టలే. ఉత్తగ జరిగిండు. గంతే."

"నిద్రపో బిడ్డా" అన్నాడు రాజలింగు.

అలా డోరు కొట్టే అలవాటు ఈ రోడ్ల మీద ఇద్దరికే ఉంది. ఒకడు రాజలింగు. రెండోవాడు అతని మేనల్లుడు పండరి, చనిపోయిన అక్క కొడుకు. పదిహేనేళ్ల వయసు నుంచి పండరి అతని ఇంట్లోనే తిన్నాడు, అతని లారీలోనే పడుకున్నాడు, అతని దగ్గరే స్టీరింగ్ పట్టాడు. కొడుకు లేని లోటు వాడితో తీరింది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ముందు పరుగెత్తుకొచ్చేది పండరి.

జీవన్ చనిపోయాడని అందరూ వచ్చారు. పండరి రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్.

*

దాన్ని సైడ్ ఇచ్చి మూసుడు అనేవాడు రాజలింగు.

రోడ్డు ఎత్తున్న చోట లోడు లారీ ఎక్కం ఎక్కలేక మూలుగుతుంటుంది. వెనక ఏసీ కారులో కూర్చున్నవాడు ఆగకుండా హారన్ కొడతాడు. రోడ్డు వాడి తాత కట్టించినట్టు. అప్పుడు చెయ్యి బయటపెట్టి పొమ్మని ఊపాలి. నమ్మకం కలగడానికి డోరు మీద రెండు దెబ్బలు వెయ్యాలి. కారు సగం దాకా రాగానే మెల్లగా కుడికి జరగాలి. ముట్టకూడదు. "రంగు అంటద్దు" అనేవాడు. "రంగు అంటితే కేసు. అంటకపోతే వాని భయమే వాన్ని కిందికి దింపుతది." ఆ తర్వాత అద్దంలో చూడకూడదు. చూస్తే జాలి పుడుతుంది, కాలు బ్రేక్ మీదికి పోతుంది.

ఖమ్మం రోడ్డులో ఒక పెద్దమనిషిని అలా వరి మడిలోకి దింపిన కథ అతనికి పేరు తెచ్చింది. మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఆ పెద్దమనిషి చెప్పులు వెతుక్కున్న తీరు రాజలింగు నటించి చూపిస్తుంటే జనం పొట్టలు పట్టుకునేవారు. నిజానికి చెప్పులు వెతుక్కోవడం అతను చూడలేదు. అద్దంలో చూస్తే కదా. ఆ ముక్క కల్పించాడు. కారు మడిలోకి దిగడం మాత్రం నిజం. ఆ కారులో ఎవరెవరున్నారో, ఆ తర్వాత ఏమయ్యారో అతనికి తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తెలుసుకోవాలనిపించలేదు.

నవత పెళ్లిలోనూ ఆ కథ చెప్పాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది కొత్త అల్లుడు. "మామయ్యా, చెప్పులు దేవులాడింది మళ్లొకసారి చెయ్యి" అని అడిగి మరీ చేయించుకున్నాడు. పండరి పక్కనే నిలబడి, మామ ఎక్కడ చెయ్యి ఊపాలో అక్కడ తనూ ఊపాడు.

ఆ జీవన్‌ను నిన్న సాయంత్రం కాల్చి వచ్చారు.

*

పత్తి లారీలు ఆగే అడ్డాలో ఓంప్రకాశ్ చాయ్ హోటల్ ఉంది. రాజలింగును చూడగానే అతను గ్లాసు కింద పెట్టి ఎదురొచ్చాడు.

"అల్లుని సంగతి తెల్సింది రాజన్నా. గింత పని గావద్దుండె. కూసో. చాయ్ తాగుతవా?"

"పండరి వచ్చిండా గిటు?"

"మొన్న వచ్చిండు. నర్సంపేట నుంచి పత్తి లోడు దెచ్చి ఇక్కడనే ఆపిండు. మస్తు జోష్ మీదుండె." ఓంప్రకాశ్ ఇంత విషాదంలో చెప్పొచ్చో లేదో అని ఒకసారి తటపటాయించి, మనిషిని తేలికపరచాలని చెప్పేశాడు. "నీ శిష్యుడే అన్నా, అనుమానం లేదు. తొవ్వల ఎవడో తెల్లకారోడు హారన్ కొట్టి కొట్టి పరేషాన్ జేసిండట. సైడ్ ఇచ్చి మూసిన, రంగు గూడ అంటలే, మామ చూస్తే శభాష్ అనేటోడు అని ఒక్కతీర్గ నవ్వుడు."

పక్క బల్ల మీది డ్రైవరొకడు అందుకున్నాడు. "రాజన్న స్కూల్ల చదివినోడు ఫెయిలయితడా?"

ఎవరో కిసుక్కుమన్నారు. రాజలింగు ముఖం చూసి ఆగిపోయారు.

"తర్వాత?" అన్నాడు రాజలింగు.

"ఇగ నవ్వుతాంటెనే ఫోన్ వచ్చింది. ఎవలు జేసిన్రో మరి. వింట వింటనే మొఖం పాలిపోయింది. ఎక్కడా అని అడిగిండు. ఏం కారు అని అడిగిండు. చాయ్ గట్లనే విడిచిపెట్టి లేసిండు. పత్తి దించుకున్నదీ లేదు, ఏం లేదు, లోడు బండేసుకొని మరిపెడ దిక్కు పోయిండు. అల్లుని ఖబర్ విని పరేషానయిండేమో అనుకున్న." ఓంప్రకాశ్ అప్పటికి ఆగాడు. మాట్లాడిన మాటలన్నీ అతని ముందే వరుసగా నిలబడ్డాయి. గొంతు తగ్గించాడు. "అన్నా... నవతమ్మ కారు ఏం రంగు?"

రాజలింగు జవాబు చెప్పకుండా బయటికి నడిచాడు.

*

మరిపెడ దాటాక రోడ్డు పక్క ఒక పంక్చర్ షాపు వెనక లారీ దొరికింది. పత్తి లోడు దించనే లేదు. పండరి లారీ కింద, చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. గడ్డం మాసింది. మామను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"పోలీసులను తోల్కొచ్చినవా మామా?"

"నేనే వచ్చిన."

రాజలింగు మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కొట్టాలని వచ్చాడు. దారిలో బస్సులో ఎలా కొట్టాలో కూడా అనుకున్నాడు. చెయ్యి లేవలేదు.

"కారు కొత్తది మామా. నేను చూడలే. అద్దానికి ఎండ కొట్టి లోపలెవలున్నరో గానరాలే. ఒక్కతీర్గ హారన్ కొడుతాన్రు. నాకు కోపమొచ్చింది." అతను అరచేతులు చూసుకున్నాడు. "అద్దంల చూస్తే బాగుండు. మోరీకి కొట్టుకున్నది చూసి ఆగి, ఉరికిపోయి, ఇద్దర్నీ బయటికి గుంజితే జీవన్ బతుకునేమో. చూడద్దని గదా మనది. చూడలే."

గాలికి లోడులోంచి పత్తి పింజెలు రాలి ఇద్దరి మధ్య నేల మీద దొర్లుతున్నాయి.

"జీవన్ చావుకు కేసు నవత మీద బెడుతాన్రు" అన్నాడు రాజలింగు. "మొగుణ్ని నువ్వే తిన్నవని అత్త మొఖం మీద అంటాంది. ఆ పిల్ల మాట్లాడ్తలేదు."

పండరి లేచాడు. "నడువు. నేను చెప్త."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని రాజలింగు అనుకోలేదు. రెండడుగులు వేశాక పండరి ఆగి, చిన్నప్పుడు దారి అడిగినట్టే అడిగాడు.

"ఎవలు నేర్పిన్రని అడుగుతరు మామా. ఏం జెప్పాలె?"

రాజలింగు రోడ్డు వైపు చూశాడు. లారీలు పోతున్నాయి, ఒక్కొక్కటీ ముందున్నదాన్ని తోసుకుంటూ. అతనికి కేసంటే భయం లేదు. జైలంటే భయం లేదు. నవత మంచం మీంచి తల తిప్పి చూసిన చూపు గుర్తొచ్చింది. మనోడే అనిపించింది అన్న మాట గుర్తొచ్చింది. మొగుడు పోయాడు. తండ్రి కూడా పోతే ఆ పిల్లకు ఇంకెవరు అని తనకు తాను చెప్పుకున్నాడు. అది బిడ్డ కోసం అనుకున్నాడు.

"చేసింది నువ్వు" అన్నాడు. "నడుమ నా ముచ్చట ఎందుకు?"

పండరి మామ ముఖం చూశాడు. "సరే మామా" అన్నాడు.

*

స్టేషన్‌కు మల్లవ్వ వచ్చింది. నవతను కుర్చీలో కూర్చోబెట్టారు. పండరి నిలబడి అంతా చెప్పాడు. హారన్ సంగతి, చెయ్యి ఊపిన సంగతి, జరిగిన సంగతి. దాచలేదు. "నవత తప్పేం లేదు మేడం. నేను రమ్మంటేనే వచ్చింది" అన్నాడు.

నవత ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె భుజాలు కాస్త దిగాయి. రాజలింగు అది చూసి ఊపిరి పీల్చుకున్నాడు. బిడ్డ బయటపడింది. ఇక చాలు.

మల్లవ్వ వదల్లేదు.

"మేడం, నాకొకటి చెప్పనియ్యండి. ఈ పిలగాడు నవతకు మేనబావ. మొదట ఈయనకే ఇయ్యాలనుకున్నరు. మల్ల డ్రైవర్‌కు పిల్లనియ్య అని వియ్యంకుడే తప్పించి నా కొడుక్కు చేసిండు. పెండ్లిల గూడ అందరు అనుకున్నరు." ఆమె పండరి వైపు వేలు చూపింది. "ఇది ఉత్తగ జరుగుడు గాదు. నా కొడుకు నొక్కి చంపిన్రు."

పద్మలత కుర్చీ ముందుకు లాక్కుంది.

"నిజమేనా?"

"ఇయ్యాలనుకున్నది నిజమే మేడం. కానీ నేను కారు చూడలే."

"రోజూ చూసే మరదలును చూడలేదా?"

"కొత్త కారు. అద్దానికి ఎండ."

"మరెందుకు జరిగినవ్? తెలియనోళ్లయితే చంపొచ్చా?"

"చంపాలని గాదు. భయపెట్టాలని. ముట్టద్దు, రంగు అంటద్దు, ఉత్తగ జరగాలె. గంతే."

నవత తలెత్తింది.

"గదేం లెక్క?" అంది పద్మలత. "రంగు అంటద్దనుడేంది? నీకు నువ్వే కనిపెట్టినవా? ఎవలన్న చెప్పిన్రా?"

పండరి నేల చూపులు చూశాడు.

"చూడు తమ్మీ. అలవాటుగ చేసినవంటే ఒక కేసు. పగబట్టి చేసినవంటే ఇంకో కేసు. ఆ రెండో దాంట్ల పోతే బయటికి రావు. అలవాటంటానవ్. ఎక్కడిదా అలవాటు?"

"నాదే మేడం."

"ఎవలు జెప్పలే?"

"ఎవలు జెప్పలే."

రాజలింగు కండువా మడత పెడుతున్నాడు. నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టాడు. ఇప్పుడు లేవాలి. నేనే అనాలి. ఇంత చిన్న మాట. ఎక్కం మీద లోడు బండిలా అది గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. పదిహేనేళ్ల వయసు నుంచి తన చేతి అన్నం తిన్నవాడు తన మాట కోసం హత్యానేరం నెత్తిన వేసుకుంటున్నాడు. వాడు తన వైపు కనీసం చూడటం లేదు. చూస్తే దొరికిపోతానని చూడటం లేదు.

నవత చూస్తోంది. పండరిని కాదు.

"బావా" అంది, కళ్లు తండ్రి మీది నుంచి తిప్పకుండా. "అద్దంల చూసినవా?"

పండరి తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు?"

"చూడద్దు" అన్నాడు పండరి, అలవాటు కొద్దీ. "చూస్తే జాలి పుడతది." అనేశాక పెదవి కొరుక్కున్నాడు.

పెళ్లి పందిట్లో అదే మాట దగ్గర అందరూ నవ్వారు. జీవన్ ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. మా నాయిన గమ్మత్తోడు అని గర్వంగా మొగుడి చెవిలో చెప్పింది. అన్నీ ఆమెకు ఇప్పుడు గుర్తొస్తున్నాయని రాజలింగుకు ఆమె ముఖంలో తెలుస్తూనే ఉంది.

"నాయినా" అంది నవత. మెల్లగా, చిన్నపిల్లకు అవకాశం ఇచ్చినట్టు. "నువ్వు చెప్తవా? నన్ను చెప్పమంటవా?"

మల్లవ్వ ఏడుపు ఆపి ఇటు తిరిగింది. పద్మలత కలం ఆగింది.

రాజలింగు నోరు తెరిచాడు. బిడ్డా అన్నాడో, పెదవులు అలా కదిలాయో. చాలాసేపు ఎదురు చూసింది నవత. తర్వాత మంచి చెయ్యి ఎత్తి కళ్లు తుడుచుకుంది.

"మా బావ నన్ను చంపాలనుకోలే మేడం. ఆయన్ను గూడ చంపాలనుకోలే. మా బావకు ఒకలు నేర్పిన్రు. సైడ్ ఇచ్చి మూసుడు మా బావకు నేర్పిన్రు. సైడ్ ఇస్తే నమ్మి పొమ్మని నాకు నేర్పిన్రు. ఇద్దరం నేర్పినట్టే చేసినం."

"ఎవలు?" అంది పద్మలత.

"ఆ కథ చెప్తాంటే అందరం కూసొని నవ్వినం. నేను గూడ నవ్విన."

"పేరు చెప్పమ్మా. రాసుకోవాలె."

పుట్టినప్పటి నుంచి ఆమె ఆ మనిషిని ఒక్క పిలుపుతోనే పిలిచింది. అసలు పేరు ఆమె నోట వినాల్సిన రోజు వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. కండువా చేతిలోంచి జారి నేల మీద పడింది. వంగి తీసుకోలేదు.

"రాజలింగు" అంది నవత. "బండారి రాజలింగు."